గడప మీద ఆగిన కుర్చీ

ఆ కబురు నాకు మొదట మోసుకొచ్చింది గాజులు అమ్మే అవ్వ. కామారెడ్డి వాడల్లోనూ మా ఎల్లారెడ్డి వాడల్లోనూ గంప నెత్తిన పెట్టుకుని తిరిగే మనిషి. మా చెల్లె పెళ్లికి గాజులు తొడిగింది కూడా ఆమే. ఆ రోజు మా వాకిట్లో గంప దించి, మంచినీళ్లు తాగి, వదిన లోపలికి వెళ్లేదాకా ఆగి, నా పక్కకు జరిగి కూర్చుంది.

"మీ చెల్లెకు గాజులు ఎక్కిద్దామని చెయ్యి పట్టిన బిడ్డా. మణికట్టు కాడ ఉబ్బి నల్లగున్నది. గాజు ఎక్కలే. ఇంకో చెయ్యి ఇయ్యమంటే అది గూడ గట్లనే ఉన్నది. నేనేం అడగలే, ఆమె ఏం చెప్పలే."

అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనకుండా గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆడవాళ్ల చేతులు పట్టుకునే పని చేసేవాళ్లకు ఇళ్లలోని సంగతులు అందరికన్నా ముందు తెలుస్తాయి. తెలిసినదాన్ని మోసుకొచ్చి నాకు చెప్పినందుకు ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

చిన్ననాడు వచ్చిన జ్వరం నా కాళ్లను తీసుకుపోయింది. రోజూ బడికి ఎత్తుకుపోయే మనిషి లేక బాపు ఇంట్లోనే బండల మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించాడు. చదవటం వచ్చాక దేవుని పుస్తకాలు ఒడిలో పెట్టాడు. కాళ్లు తీసుకున్న స్వామి చేతులు మిగిల్చాడు కదా అని వాటితో బీడీలు చుట్టి నా తిండి నేను సంపాదించుకున్నాను. బాపు, అమ్మ పోయాక అన్న ఇంట్లోనే ఉన్నాను. చెల్లె నాకన్నా చిన్నది. కానీ కాస్త ఎదిగిన దగ్గరనుంచి నన్ను వీపున వేసుకుని వాడంతా తిప్పింది ఆమే.

చెల్లె మొగుడు, అంటే మా మరిది, కామారెడ్డిలో బట్టల దుకాణంలో చీరలు చూపించే పని చేసేవాడు. తాగడు. గట్టిగా మాట్లాడడు. చీర మడత విప్పి అమ్మల ముందు పరిచే ఆ చేతులను చూసినవాళ్లెవరూ అవి కొడతాయంటే నమ్మరు. గాజుల అవ్వ చెప్పకపోతే నేనూ నమ్మేదాన్ని కాదు.

రెండు రోజులాగి అన్నను బతిమాలి కామారెడ్డి పోయాను. అప్పుడు నాకున్నది ఏదో శిబిరంలో ఇచ్చిన ఇనుప కుర్చీ. చిన్న చక్రాలు. వెనుకనుంచి ఎవరైనా తోస్తేనే కదిలేది. అన్న నన్ను చెల్లె ఇంట్లో దించి మార్కెట్ యార్డుకు పోయాడు. మరిది నవ్వుతూ ఎదురొచ్చాడు. చాయ తెప్పించాడు. చెల్లె చీర కొంగు మణికట్ల దాకా లాక్కుని కూర్చుంది. నేను ఆ కొంగు పక్కకు జరిపాను. అంతే.

"వదినె, లోపల ఉక్కపోస్తున్నది. జర గాలికి కూసుందువు పా" అన్నాడు మరిది. కుర్చీ పిడులు పట్టుకుని నన్ను వాకిట్లోకి తోసుకుపోయి, మొహం గోడవైపు తిప్పి నిలబెట్టి, చక్రాల వెనుక రాయి అడ్డం పెట్టి, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మొదట గిన్నె పడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత తడిబట్టను బండకు కొట్టినట్టు మెత్తటి దెబ్బలు, ఆగి ఆగి. గోడకు ఏదో తగిలింది, సున్నం నా ముందు రాలింది. చెల్లె అరవలేదు. దెబ్బలకన్నా ఆ అరవకపోవటమే నన్ను వణికించింది. గొంతు బయటకు రాకుండా తన్నులు తినటం ఆమె అప్పటికే నేర్చుకుంది. నేను అరిచాను. పేరు పెట్టి పిలిచాను. చేతులతో గోడను తోశాను. కుర్చీ కదలలేదు.

ఆ వాకిట్లోనే మరిది తల్లి, మేము అత్తమ్మ అనే ముసలామె, చాటలో బియ్యం చెరుగుతూ కూర్చుంది. లోపలి దెబ్బకు ఆమె చాట ఒక్కసారి కూడా ఆగలేదు.

"చూడనీకి వచ్చినవు, ఇన్నవు గద," అంది. "నీకు కాళ్లు లేకపాయె, ఆపనీకి. నాకు కాళ్లుండి ఏం జేసిన? ఈని అయ్య చేతుల నేను గూడ గిట్లనే బతికిన. తిని పో."

ఆ మాటకు ఆమెను ఎంత అసహ్యించుకున్నానో దేవునికే తెలుసు.

తర్వాత కుల పెద్దలు కూర్చున్నారు. కొట్టుడు తప్పేనన్నారు, ఇంటి సంగతి బజార్ల పెట్టుడు గూడ తప్పేనన్నారు. మరిది అందరికీ చేతులు జోడించాడు. పెద్దలు చాయలు తాగి లేచారు. ఆ వారంలోనే రొట్టెల పెంక మీద చెల్లె కుడి అరచేయి పెట్టి నొక్కి పట్టాడు. తోలు పెంకకు అంటుకుందని ఆమె తర్వాత ఎప్పుడో చెప్పింది. చెయ్యి కాలిందని తెలిసిన రోజే వచ్చెయ్యమని ఫోన్‌లో ఏడ్చాను.

"ఎట్లొస్త అక్కా?" అంది. "అన్నకు నిన్ను ఎత్తి ఎత్తి నడుము వోయింది. వదినె ఒక్కతి ఎంతమందిని సాకుతది? నిన్ను మోసే ఇంట్ల నేను గూడ వచ్చి పడుదునా?"

ఆమె బయటికి రాకపోవటానికి నేనూ ఒక కారణమని అప్పుడే అర్థమైంది. అన్న, వదిన ఆ మాట ఎన్నడూ అనలేదు, వాళ్లు చల్లగా ఉండాలి. కానీ చెల్లె లెక్క చెల్లెది. అక్కడే ఉంటే ఏదో ఒకనాడు ఆమె చచ్చిపోతుంది. నన్ను ఎవరూ మోయనక్కరలేదని ఆమె కళ్లతో చూస్తే తప్ప ఆ ఇంటినుంచి కదలదు. అందుకే మోటారుతో నడిచే కుర్చీ కొనాలనుకున్నాను. బీడీలు చుట్టి కూడబెట్టుకున్నది, అన్న కలిపింది సరిపోయింది. స్వామి దయ.

కామారెడ్డిలో స్టేషన్ వైపు పోయే దారిలో రోగుల మంచాలు, చేతికర్రలు అమ్మే దుకాణం ఒకటుంది. అక్క కుర్చీ కొనుక్కుంటుందంటే మరిది చెల్లెను పంపటానికి అడ్డు చెప్పలేదు. పదిమందిలో మంచివాడు కదా. నేను మా స్నానాల గది దర్వాజ వెడల్పు కొలిచిన దారం కొంగున ముడివేసుకుని పోయాను.

దుకాణదారు మొదట చూపించింది ఇనుముది. సీటు కింద పెద్ద బ్యాటరీలు. మడతపడదు. ట్రాక్టర్ లెక్క ఎక్కడికైనా పోతుందన్నాడు, ఎత్తాలంటే మాత్రం ఇద్దరు మగవాళ్లు కావాలన్నాడు. దాంట్లో కూర్చోగానే ఆ వాకిలి, ఆ గోడ కళ్లముందుకొచ్చాయి. దీన్ని ఎవడూ గోడవైపు తిప్పి నిలబెట్టలేడు అనిపించింది. దిగబుద్ధి కాలేదు. రెండోది మీట నొక్కితే దానంతట అదే గొడుగులా ముడుచుకునేది. చూడటానికి ముచ్చటగా ఉంది, బరువు మాత్రం తక్కువేం కాదు.

మూడోది అల్యూమినియంది. బ్యాటరీ టిఫిన్ డబ్బాలా చేత్తో బయటకు లాగి ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవచ్చు. చేతులానించే కడ్డీ పైకి లేస్తుంది, మంచం మీదనుంచి పక్కకు జరిగి ఎక్కవచ్చు. నా దారం పెట్టి చూస్తే మా దర్వాజలో పడుతుంది. దుకాణం ముందు రోడ్డు ఏటవాలుగా ఉంది. అక్కడ నడిపి, మధ్యలో నడిపే మీట మీదనుంచి చేయి తీసేశాను. జారకుండా పట్టుకుని నిలబడింది. ముందు చక్రాలు చిన్నవి కాబట్టి మోరీల మీది ఇనుప జాలీల మీద నిలువుగా పోకూడదని, ఏటవాలుగా దాటాలని దుకాణదారు చూపించాడు.

"దీన్ని మడిచి ఎత్తు" అన్నాను చెల్లెతో.

సీటు కింద మీట లాగి మడిచింది. కుడి చేత్తో ఎత్తబోయింది. భుజం లేవలేదు. పెదవి కొరుక్కుని ఎడమ చేత్తో పట్టి, బిందెను ఎత్తుకున్నట్టు నడుము మీదికి తీసుకుంది. రవిక చెయ్యి పైకి జరిగి అక్కడున్నది కనిపించింది. దుకాణదారు తల తిప్పుకుని, బ్యాటరీ తీస్తే ఇంకా తేలిక అని గోడకు చెప్పినట్టు చెప్పాడు. అందరూ కూర్చునే మనిషి బరువు చెబుతారు, మీరు ఎత్తే మనిషిని వెంటబెట్టుకొచ్చారు అన్నాడు.

చెల్లె దాన్ని కింద పెట్టి నా చెవి దగ్గరికి వంగింది. "అక్కా, ఇనుముదే తీస్కో. ఇది తేలిక. ఎవడన్న ఎత్తి పారేస్తడు."

ఎవడో మా ఇద్దరికీ తెలుసు.

"నువ్వు ఎత్తేదే నాకు గావాలె" అన్నాను.

కొన్న కుర్చీలోనే చెల్లె ఇంటిదాకా పోయాను. ఒకరు తోయకుండా రోడ్డు మీద పోవటం నాకు అదే మొదలు. దారి పొడుగునా స్వామికి చెప్పుకున్నాను, ఇది చాలు, ఇంకేం అడగను అని. కానీ అడగవలసింది ఇంకా ఉంది.

ఇంటి ముందు అత్తమ్మ చేయి అడ్డం పెట్టింది. కొత్త బండి, పూజ లేకుండా గడప ఎట్లా దాటుతుందని గొడవ. పసుపు, కుంకుమ బొట్లు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. అంతటితో ఊరుకోక, లారీ ముందద్దానికి కొట్టినట్టు చెంబులోని పసుపు నీళ్లు కుర్చీ నడిపే మీట మీద ధారగా పోసింది. గడపకు చెక్క పలక వేసి నేను ఎక్కించబోయాను. కుర్చీ సరిగ్గా గడప మీదికి వచ్చి, దానంతట అదే కుయ్యని హారన్ కొట్టి, చచ్చిపోయింది. ముందు చక్రాలు లోపల, వెనుక చక్రాలు బయట. చెల్లె తోసింది, పక్కింటావిడ తోసింది, అంగుళం కదలలేదు.

"ఏమే, నీ బండి గూడ గిట్ల మొండిదా, నీ లెక్కనే" అంది అత్తమ్మ.

చెల్లె నవ్వింది. పెళ్లయ్యాక ఆమె నవ్వటం నేను చూసింది అప్పుడే. దుకాణదారుకు ఫోన్ చేస్తే, మోటారు ఆగితే చక్రాలు బిగుసుకుంటాయని, తోయాలంటే వెనుక చక్రాల దగ్గర రెండు కొక్కేలు కిందికి నొక్కాలని చెప్పాడు. వీధివైపున్న అత్తమ్మే ఫోన్ చెవికి పెట్టుకుని, మోకాళ్ల మీద వంగి, తడిమి తడిమి రెండు కొక్కేలు నొక్కింది. కుర్చీ కదిలింది. తన గొప్పను ఆ రోజు వాడంతా చెప్పుకుంది. మర్నాడు దుకాణదారు మీట విప్పి ఆరబెట్టి ఇస్తూ, నీళ్లు పోయొద్దమ్మా అని చేతులు జోడించాడు.

అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం ఎల్లారెడ్డినుంచి బస్సులో ఒక్కదాన్నే పోయేదాన్ని. బస్సు మెట్ల మీద కూర్చుని చేతులతో ఒక్కొక్కటీ పైకి జరిగి ఎక్కేదాన్ని. కండక్టరు కుర్చీ మడిచి డ్రైవరు వెనుక పెట్టేవాడు. అలాంటి కండక్టర్లందరికీ పుణ్యం ఉంటుంది. నేను ఒక్కదాన్నే వచ్చిపోవటం చెల్లె చూడాలి, అదే నా పని. ఆమె చూస్తూ ఉంది. ఇంకా రాలేదు, కానీ రానని చెప్పటం మానేసింది.

శ్రావణమాసంలో ఒక శుక్రవారం, దీపాలు పెట్టే వేళ, మరిది దుకాణంనుంచి తొందరగా వచ్చాడు. చెల్లె ఫోన్ తీసి చూశాడు. అన్నీ నా నంబరుకే. కారణం ఒక్కోసారి ఒక్కోటి, ఆనాటిది అది. నేను ముందర అర్రలో కూర్చుని ఉండగానే, ఆమె జడను చేతికి చుట్టుకుని తలను బీరువా తలుపుకేసి కొట్టాడు. ఇనుప తలుపు మోగింది. మళ్లీ కొట్టాడు. అంతకుముందు గోడ అవతలనుంచి విన్నదాన్ని కళ్లతో చూశాను. ఆమె ముక్కునుంచి రక్తం చీర మీద పడింది. అతని మొహంలో కోపం కూడా లేదు. చీర మడత సరిచేస్తున్న మొహం.

జడ వదలకుండానే నావైపు తిరిగాడు. "వదినె, గాలికి కూసుందువు పా."

అదే మాట. సరేనన్నాను. కుర్చీ తిప్పి నేనే వాకిలివైపు నడిపాను. చెప్పిన మాట విన్నాననుకుని పక్కకు తప్పుకున్నాడు. పలక ఎక్కి, ముందు చక్రాలు గడప దాటి, వెనుకవి లోపలే ఉన్నప్పుడు ఆగాను. దీపం వేళ గడప మీద కూర్చోవద్దని, లక్ష్మి లోపలికి రాదని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. తల్లీ, ఇవాళ నన్ను మన్నించు అనుకుని, మీట పక్కనున్న బొత్తాం నొక్కి మోటారు ఆపేశాను.

తలుపు వెయ్యబోయాడు. చక్రానికి తగిలి వెనక్కి వచ్చింది. వెనుకనుంచి తోశాడు. కదలలేదు. కాలితో తన్నాడు. కుర్చీతోపాటు నా వెన్ను అదిరింది, చక్రం మాత్రం జరగలేదు. తలుపు బార్లా తెరిచి ఉంది. వీధిలో ఆడవాళ్లు దీపాలు పెడుతూ ఆగిపోయారు. ఎదురింటి ఆటో ఆయన చేతిలో చాయ గ్లాసుతో లేచి నిలబడ్డాడు. నేను గట్టిగా చెప్పటం మొదలుపెట్టాను, లోపల నా చెల్లెను చంపుతున్నాడు అని. నలుగురూ చూస్తుండగా కొట్టటం మరిదికి అలవాటు లేదు. చెల్లె జడ వదిలేశాడు. గొంతు తగ్గించి తల్లిని పిలిచాడు.

"అమ్మా, దీన్ని ఎట్ల ఇడిపియ్యాలె?"

అత్తమ్మ పొయ్యి దగ్గరనుంచి వచ్చి చెల్లెను చూసింది, నన్ను చూసింది. "నాకేం ఎరుక కొడుకా, మిషన్ సంగతి."

"ఆనాడు ఇడిపించింది నువ్వే గద? వాడంత చెప్పినవు."

"మర్శిపోయిన."

చెంప మీద కొట్టాడు. అడుగు వెనక్కి వేసి నిలబడింది. మళ్లీ అడిగాడు. మర్చిపోయానని అదే మాట చెప్పింది. ఈసారి భుజం పట్టి విసిరాడు. ముసలి తల దర్వాజ చట్రానికి తగిలి కనుబొమ్మ చీలింది. రక్తం కంట్లోకి దిగుతుంటే తుడుచుకోకుండా, కొడుకు మొహంలోకి చూస్తూ మూడోసారి కూడా "మర్శిపోయిన" అంది.

అప్పుడు అతను వంగి, కుర్చీని నాతో సహా ఎత్తి బయటికి దొర్లించాడు. చెల్లె భయపడ్డదే జరిగింది. తేలికది కదా. మెట్టు అంచుకు నా మోచేయి తగిలి లోపల ఏదో విరిగింది, ఆ చప్పుడు నాకే వినిపించింది. బండ మీద చెంప ఆనించి పడి ఉన్నాను. కుర్చీ నా కాళ్ల మీద పడి ఉంది. కానీ అప్పటికే వాడ వాకిట్లోకి వచ్చింది. ఆటో ఆయన మరిదిని వెనుకనుంచి రెండు చేతులతో పట్టుకుని, "చాలు భాయ్, ఇగ చాలు" అంటున్నాడు. ఇంకొకరు ఠాణాకు ఫోన్ చేస్తున్నారు.

చెల్లె గడప దాటి వచ్చి నా పక్కన కూలబడింది. ఏం చెయ్యాలో తెలియక నన్ను ఎత్తబోయింది. అత్తమ్మ గడప దగ్గర నేలమీద కూర్చుని ఉంది, సగం మొహం ఎర్రగా. కొడుకు వినేటట్టుగా, గట్టిగా చెప్పింది.

"ఆమెను వాళ్లు ఎత్తుతరు. నువ్వు కుర్చీ చూడు. ఎన్కకు రెండు కొక్కేలున్నయి, కిందికి నొక్కు. మడుసు. ఎత్తుకొని పో."

వాడంతా ఆమెవైపు చూసింది. కొడుకు కూడా చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను.

చెల్లె కొక్కేలు నొక్కి, కుర్చీ నిలబెట్టి, మీట లాగి మడిచి, ఎడమ నడుము మీదికి ఎత్తుకుంది. ముక్కునుంచి ఇంకా రక్తం కారుతూనే ఉంది. ఎవరినీ సాయం అడగకుండా ఆటోలో పెట్టి, ఎక్కి కూర్చుని, నా తలను ఒడిలో పెట్టుకుంది. వెనక్కి తిరిగి, నువ్వు గూడ రా అత్తమ్మా అని పిలిచింది. నేనూ పిలిచాను.

"నేనెక్కడికొస్త బిడ్డా? పొయ్యి మీద అన్నమున్నది" అంది.

దవాఖానలో నా చేతికి కట్టు కట్టారు, చెల్లె తలకు కుట్లు వేశారు. ఠాణాలో అన్నీ చెప్పాం. ఎల్లారెడ్డిలో వదిన ఏమీ అడగకుండా వెనుక అర్ర ఊడ్చి చాప పరిచింది. మరిది కొన్నాళ్లు లోపల ఉండి జామీను మీద బయటికొచ్చి ఆ ఇంట్లోనే ఉన్నాడు. కేసు నడుస్తోంది. వాయిదాలకు చెల్లె, నేను బస్సులో కామారెడ్డి పోయివస్తాం. కాలిన అరచేతితో బీడీ చుట్టటం కుదరదు, అందుకని ఆమె ఆకు కత్తిరిస్తుంది, నేను చుడతాను. నా మోచేయి పూర్తిగా చాపుకోలేను, మీట తిప్పటానికి అంత అవసరం లేదు. కుర్చీ ఎడమ కడ్డీ సొట్టపోయింది, నడక బాగానే ఉంది. ఏ కుర్చీ కొనాలని ఈమధ్య నన్ను అడుగుతున్నారు. దర్వాజ కొలుచుకోండి, ఏటవాలులో చేయి వదిలి చూడండి, మీతో ఉండే మనిషి చేత ఎత్తించి చూడండి అని చెబుతాను. నీళ్లు పోయొద్దని కూడా చెబుతాను.

చెల్లె బతికి ఉంది. పొద్దున లేవగానే ఆమె చీపురు చప్పుడు వింటూ స్వామికి దండం పెట్టుకుంటాను. ఆ దండంలో సగం ఆ ముసలామెది. చీలిన కనుబొమ్మ కింది కన్ను ఆమెకు ఇప్పుడు సరిగా కనిపించటం లేదట, ఆటో ఆయన చెప్పాడు. రమ్మని ఎన్ని కబుర్లు పంపినా రాలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు అతని చేతికి అందేది ఆమె ఒక్కతే. ఇది చదివినవాళ్లు మీరు ఏ దేవునికి మొక్కేవాళ్లయినా, సాయంత్రం దీపం వేళకు, కామారెడ్డిలో కొడుకుకు అన్నం వండుతున్న ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.